కపిల మొదలు శీతలపేటిక వరకు: కోయంబత్తూరు, మధుర ప్రాంతముల తెలుగువారి యంత్రవిద్య

దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారిని గూర్చిన వ్యాసములలో నాయకరాజుల ప్రశస్తి, వారి ఆస్థానములందలి ప్రబంధములు, యక్షగానములు, తిరుమల నాయకుని మహలు మిక్కిలిగా కానవచ్చుచుండును. అది న్యాయమే. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలనము నెలకొల్పినది మొదలు 1736లో రాణి మీనాక్షితో ఆ వంశమునకు రాజ్యము తప్పువరకు జరిగిన కథ చిన్నది కాదు. కాని ఆ రాజుల వెంటను, వారి తరువాతను దక్షిణమునకు వచ్చి నల్లరేగడి నేలలు దున్నుకొని జీవించిన కుటుంబములవారు చేతులతో నేర్చిన విద్య యొకటి కలదు. దానికి శాసనములు లేవు, తాళపత్రములు లేవు. ఇంటిలోని శీతలపేటిక, అనగా అందరు ఫ్రిజ్ అని పిలుచునది, వేసవి మధ్యాహ్నమున ఆగిపోయినపుడు దానిని విప్పి, చెడిన భాగమును కనిపెట్టి, దొరకని దానికి బదులు సమకూర్చు పనివాని చేతిలో ఆ విద్య నేటికిని కనబడును. అది ఎచటనుండి వచ్చినదో, ఎట్లు పెరిగినదో విచారింపదగియున్నది.

ఈ విచారణము బావికడ ఆరంభింపవలెను. పడమటి కనుమల చాటున నున్న కొంగునాట వర్షము తక్కువ. మధురకు దక్షిణమున కరిసల్ అని తమిళులు పిలుచు నల్లనేలలును వానకు ఎదురుచూచునవే. ఈ నేలలలో కాపురమున్న కమ్మ, బలిజ మొదలగు వ్యవసాయ కుటుంబములకు బావియే ఆధారము. నీరు తోడుటకు కపిల ఉండెను. రెండెద్దులు, వాలుగా త్రవ్విన బాట, గిలక, మోకు, తోలుసంచి, దాని తొండము: ఇంతే ఆ యంత్రము. గిలక అరిగినచో వడ్రంగి క్రొత్తది చెక్కెను. ఇరుసు వంగినచో కమ్మరి కొలిమిలో కాచి దాగలిపై సమ్మెటతో సరిచేసెను. తోలు చినిగినచో తోలుపనివారు కుట్టిరి. చెడిన భాగము ఊరు దాటి పోవలసిన పని లేదు. బాగుచేయువానికి ఆ వస్తువును తయారుచేయుటయు తెలియును గనుక ‘విడిభాగము’ అను ప్రత్యేకమైన వస్తువే లేదు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ యంతయు ఈ స్థితి చెడిపోవుటయు, దానిని మరల సంపాదించుకొనుటకు చేసిన ప్రయత్నమును.

నూనె ఇంజనులు, పంపులు సముద్రము దాటి వచ్చుటతో ఆ స్థితి చెడినది. ఇంజనులో ఒక కవాటపు స్ప్రింగు విరిగినచో పైరు ఎండుటకు కొద్దిరోజులు చాలును; ఆ స్ప్రింగు ఓడలో వచ్చుటకు నెలలు పట్టును. నూలుమిల్లులకును ఇదే చిక్కు. 1888లో రాబర్టు స్టేన్సు చేత కోయంబత్తూరులో స్థాపింపబడిన మిల్లు మొదలుకొని వచ్చిన మిల్లులన్నిటికి కదుళ్ళు, రింగులు, పళ్ళచక్రములు ఇంగ్లండు నుండియే రావలసియుండెను. పత్తి పండించిన రైతులు మిల్లు యజమానులైన పిమ్మట ఈ పరాధీనత వారికి మరింత బాగుగా తెలిసివచ్చినది.

పీలమేడు కమ్మవారి కథ ఇచట ముఖ్యము. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని నాలుగు గాక ఐదు భాగములు చేసి, ఐదవదానిని ధర్మమునకు విడిచిరి. 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థ ఏర్పడినది. ఆ సంవత్సరమే పారిశ్రామిక శిక్షణాలయము వెలసినది. ఇది పుస్తకములు చదివించు పాఠశాల మాత్రమే కాదు. అందు పంపులు, మోటారులు, లేత్ యంత్రములు తయారగుచుండెను. విద్యార్థి తాను నేర్చిన పనిని అంగడికి పోవు వస్తువుమీదనే చూపవలసియుండెను. తప్పుగా తరచిన ఇరుసు బావిలో తిరుగదు; ఆ పరీక్షలో ఉత్తీర్ణుడగుట కాగితముమీద ఉత్తీర్ణుడగుటకంటె కష్టము. 1951లో వెలసిన పి.ఎస్.జి. సాంకేతిక కళాశాలకు మూలము ఆ పనిశాలయే అనవచ్చును.

1932-33లో నీలగిరి కొండలలోని పైకారా జలవిద్యుత్కేంద్రము నుండి కరెంటు కోయంబత్తూరునకు దిగినది. మిల్లులు వరుసగా లేచినవి. పొలములకు తీగలు సాగినవి. పంపునకు ఇక ఇంజను అక్కరలేదు, మోటారు కావలెను. ఆ మోటారును పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సునందు డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడుగార్లు 1937లో తయారుచేసిరి. భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారుగా అది ప్రసిద్ధి కెక్కినది.

జి.డి. నాయుడుగారిని గూర్చి చెప్పుకొను కథలు కొల్లలు. వానిలో కొన్ని చేతులు మారి పెరిగినవి. కొన్ని మాత్రము పెంచ నక్కరలేనివి. 1893లో కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు బడిచదువు సాగనివాడు. ఒక తెల్లదొర నడుపుచున్న మోటారు సైకిలు కంటబడగా, దానిని కొనుటకై హోటలులో పనివాడై జీతము కూడబెట్టెను. కొన్న పిదప చేసిన మొదటి పని దానిని ఎక్కి తిరుగుట కాదు, మరమేకు మరమేకుగా విప్పి మరల కూర్చుట. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని నడుమ ప్రయాణికులను చేరవేయ మొదలిడి, కొన్ని సంవత్సరములలో పెద్ద రవాణా సంస్థకు అధిపతియైనాడు. బస్సుల సంస్థకు ప్రాణము మరమ్మతు శాలయే గదా! అందుండియే ఆయన తక్కిన యంత్రములన్నియు పుట్టినవని తలచుట తప్పుకాదు. క్షురకర్మకు విద్యుత్ కత్తి మొదలు 1952 నాటి ఇద్దరు కూర్చుండు కారు వరకు ఆయన చేసినవన్నియు, అన్యులు చేసిన వస్తువును విప్పి చూచి ‘ఇది మనకేల రాదు?’ అని ప్రశ్నించుకొన్న బుద్ధికి ఫలములు. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అక్కరలేదని ఆయన వాదించి అధికారులతో విభేదించెను. ఆ వాదము పూర్తిగా ఒప్పని చెప్పలేము. గణితము లేని చేయి కొంత దూరము పోయి ఆగును. ఆయన 1974లో మరణించెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యకు అసలైన పరీక్ష. ఓడలు యుద్ధసామగ్రికి పోయినవి. మిల్లుల భాగములు రాలేదు. మిల్లులు మాత్రము ఆగుటకు వీలులేదు. అరిగిన చక్రమును నమూనాగా పెట్టుకొని పోత పోయుట, తరచుట, అరిగినంత మేర ఊహించి కలుపుట నాటి పనిశాలల నిత్యకృత్యము. చివరిదే కష్టమైనది. అరిగిన పన్నును ఉన్నదున్నట్లు నకలు చేసినచో అరిగిన చక్రమే మరల పుట్టును. అసలు కొలత తెలియవలెను. ఆ కొలతను వెదకు అలవాటునుండియే, భాగములు చేయువారు కాలక్రమమున పూర్తి యంత్రములు చేయువారైరి. 1962లో జి.కె. దేవరాజులుగారు స్విట్జర్లాండు రీటర్ సంస్థ సహకారముతో స్థాపించిన లక్ష్మీ మెషీన్ వర్క్సు నూలువడకు యంత్రములను సంపూర్ణముగా తయారుచేయుట ఈ క్రమమున వచ్చిన ఘట్టము.

ఇదంతయు తెలుగువారి ఘనతయే యని చాటుట సత్యమునకు దూరము. మధురలో మోటారు బండ్లకు, వాని విడిభాగములకు పేరుపొందిన టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ తమిళులది. మధుర మిల్లులు హార్వే సోదరులవి. ఇంటింటి పిండిరుబ్బు యంత్రమును 1955లో కోయంబత్తూరున రూపొందించిన పి. సభాపతిగారి పేరును ఈ సందర్భముననే తలపవలెను. కొలిమికి కులభాషాభేదములు లేవు. తెలుగువారి పాలు ఎంతయో అంతయే చెప్పుకొన్నను అది చాలును.

ఇక శీతలపేటిక. చెన్నపట్నమునకు అమెరికానుండి మంచుగడ్డలు ఓడలలో వచ్చిన కాలమున, 1842లో కట్టిన మంచుకొట్టు సముద్రతీరమున నేటికిని నిలిచియున్నది. 1958లో గోద్రెజ్ సంస్థ దేశమున శీతలపేటికలు చేయ మొదలిడినది. తెలుగునాట 1942లో పుట్టిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ పేటికలు పలు ఇండ్ల వంటగదులలో దశాబ్దములు పనిచేసినవి. ఆ సంస్థ నేడు లేదు. దాని పేటికలకు భాగము కావలెనన్న చేసినవాని నడుగుటకు వీలులేదు. సరిగా ఇట్టి చోటనే పాత విద్య అవసరమగును.

శీతలపేటిక మూలమున నున్నది కంప్రెసరు. ఉక్కుకుండలో మూసివేసిన ఆ యంత్రమును తిప్పునది 1937 నాటి పంపు మోటారునకు చిన్న తోబుట్టువే. పొలము మోటారునకు మూడు ఫేజుల కరెంటు గనుక తనంతట తాను కదలును. ఇంటికి వచ్చునది ఒక ఫేజు మాత్రమే గనుక దీనికి పరుగు తీగచుట్టతోపాటు బయలుదేరు తీగచుట్ట మరియొకటి కావలెను. కుండ వెలుపల మూడు కొనలుండును. అనుభవజ్ఞుడు మొదట చూచునది వానినే. ఉమ్మడి కొననుండి పరుగు చుట్టకు 10 ఓములు, బయలుదేరు చుట్టకు 20 ఓములు అడ్డగింపు ఉన్నచో, ఆ రెండు కొనల నడుమ 30 ఓములు చూపవలెను. కూడిక కుదిరి, ఏ కొనకును కుండ లోహముతో స్పర్శ లేకున్నచో తీగచుట్టలు క్షేమమనియే తలపవచ్చును. తప్పు బయటనున్న రిలేలోనో, కెపాసిటరులోనో, వేడి మీరినపుడు కరెంటు తెంపు రక్షకములోనో వెదకవలెను. కొద్ది నిమిషముల కొకసారి ‘టక్కు’ మని శబ్దమై మోటారు తిరుగక నిలిచినచో చాలమంది కంప్రెసరు పోయినదని నిశ్చయింతురు. పెక్కుమారులు చెడినది స్వల్పమైన రిలే. లేదా ఇంటికి వచ్చు వోల్టేజి 230కి చాల దిగువన నుండును. రైతు పంపులు వేసవిలో కాలిపోవుటకును ఇదియే హేతువు. పంపు మోటారుల తీగలు చుట్టి జీవించిన కోయంబత్తూరు పనివారికి ఈ రోగము చిరపరిచితము.

అంతకుముందు చూడవలసినవి మరికొన్ని కలవు. తలుపు అంచునందలి రబ్బరుపట్టీ వదులైనచో పేటిక ఎడతెగక తిరుగును. తలుపు సందున కాగితపు ముక్క నుంచి లాగినపుడు తేలికగా జారివచ్చినచో అచట గాలి చొరబడుచున్నదని అర్థము. వెనుక గొట్టములపై దుమ్ము పేరుకొన్నను వేడి బయటకు పోదు. మంచు గట్టని పేటికలలో మంచు కరిగించు హీటరో, లోపలి పంకాయో చెడినచో పైఅర గడ్డకట్టి క్రిందిఅర వెచ్చబడును. ఆపిన పేటికను వెంటనే నడపరాదు. గొట్టములలో ఒత్తిడి సమమగుటకు కొన్ని నిమిషములు విడువవలెను. ఇవి ఏవియు గొప్ప రహస్యములు కావు. కాని క్రమము తప్పి వెదకినవాడు క్షేమముగా నున్న భాగమును మార్చి డబ్బు పుచ్చుకొనును.

భాగము మార్చుటలో గిలకనాటి స్వేచ్ఛ లేదు. ఆకారము సరిపోయినంత మాత్రమున రిలే సరిపోదు. కంప్రెసరు చీటీమీది సంఖ్యను బట్టియే తేవలెను. లోపల తిరుగు వాయువు విషయము మరింత జాగ్రత్త గలది. ఓజోను పొరను కాపాడుటకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక వలన పూర్వపు ఆర్-12 వాయువు క్రమముగా తొలగి, 2010 నాటికి భారతాది దేశములలోను దాని తయారీ నిలిచినది. దాని తరువాత వచ్చిన ఆర్-134ఏ పాత నూనెతో కలియదు. నేటి పేటికలలో విస్తారముగా వాడు ఐసోబ్యూటేను మండు స్వభావము గలది. ఆ పేటికకు నిప్పుసెగ చూపి గొట్టము అతుకువాడు ముందుగా వాయువును సురక్షితముగా తొలగింపవలెను. మూసిన కుండను కోసి తీగ చుట్టి మరల అతుకు నేర్పరులు మన దేశమున కలరు గాని, ఆ పని అందరికి తగినది కాదు.

ఇటీవలి పేటికలలో విద్యుత్ ఫలకములు చేరినవి. రిలేను చూచి తెలిసికొనగల కన్ను ఫలకమును చూచి తెలిసికొనలేదు. చేసిన సంస్థ పటములు వెల్లడింపదు. 2022లో భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి సంఘమును నియమించి, ఆ వివరములకు ప్రత్యేక వేదికను తెరచుట ఈ కొరతను గుర్తించుటయే. యుద్ధకాలమున మిల్లులకు సముద్రము అడ్డు వచ్చినది. నేడు వంటగదికి అడ్డు వచ్చునది చూపని పటము.

ఈ చరిత్రలో మరియొక లోటు కలదు. యంత్రమును ఇంత దగ్గరగా ఎరిగిన తెలుగువారి పనిశాలలలో తెలుగు మాటలు మిక్కిలి తక్కువ. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, యంత్రమునకు ఇంగ్లీషు అను విభాగము చాలకాలముగా స్థిరపడినది. ఇంట తెలుగు మాటలాడియు దానిని వ్రాయవలసినపుడు తమిళలిపి నాశ్రయించువారు ఎందరో. ఈ ప్రాంతపు తెలుగు రైతుల వలసకథను నవలగా మలచిన కి. రాజనారాయణన్‌గారు సయితము తమిళముననే ‘గోపల్ల గ్రామం’ రచించిరి. 2006 నాటి చట్టముచేత పాఠశాలలలో తమిళము తరగతి తరగతిగా తప్పనిసరి యైన పిదప, తెలుగు బడులలోని పిల్లలకు భాషాభ్యాసము మరింత క్లిష్టమైనది. తమిళము నేర్చుట మేలే. కాని పిల్లలు రెండవదానికై మొదటిదానిని విడువవలసి వచ్చుట మేలు కాదు.

కరెంటు పంపులు వచ్చి కపిలలు మూలబడి అనేక దశాబ్దములైనవి. బాల్యమున కపిల తోలినవారు నేడు మిక్కిలి వృద్ధులు. గిలక ఇరుసును వారేమనిరో, తోలుసంచి నోటి యినుపచట్రమునకు ఏ పేరుండెనో, ఎద్దులు వెనుకకు నడచునపుడు ఏ కేక వేసిరో, తొలిసారి వచ్చిన ఇంజనును ఏమని పిలిచిరో, దాని మొదటి మరమ్మతు ఎవరు చేసిరో వారి నోటనే విని, తెలుగులిపిలో, ఊరి పేరుతోను సంవత్సరముతోను వ్రాసియుంచవలసిన పని యింకను మిగిలియున్నది.