యోగ్యతాపత్రము లేని ఒజ్జలు

ఉపాధ్యాయుడగుటకు శిక్షణ పొంది, ప్రభుత్వ మంగీకరించిన యోగ్యతాపత్రమును సంపాదింపవలెనను నియమము నేడు మనకు స్వయంసిద్ధముగా తోచును. అట్టి పత్రము లేనివారిని సర్కారు బడులలో నియమించుట ఇటీవల పుట్టిన యపచారమని తలచువారు పెక్కండ్రు. చరిత్ర మాత్రము వేఱొక విధముగా చెప్పుచున్నది. తెలుగుదేశమున పత్రము లేని యొజ్జయే పూర్వుడు. పత్రము తరువాత వచ్చినది. వచ్చిన పిదప కూడ ప్రభుత్వమే పలుమాఱులు దానిని ప్రక్కకు పెట్టి పంతుళ్లను నియమించినది. ఇట్లేల జరిగెనో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

చెన్నపురి రాజధాని గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822 జూను 25వ తేదీన దేశీయ విద్యాస్థితిని గూర్చి సమాచారము పంపవలసినదని కలెక్టర్లను కోరెను. వారు పంపిన లెక్కలను పరిశీలించి 1826 మార్చి 10వ తేదీన నొక నివేదిక వ్రాసెను. అందలి లెక్క ప్రకారము 1,28,50,941 మంది జనులు గల రాజధానిలో 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. ఈ బడులలో ఒజ్జలుగా నున్నవారి నే ప్రభుత్వమును పరీక్షింపలేదు; ఏ కళాశాలయు వారికి బోధనాభ్యాసము గఱపలేదు. ఊరివారే వారికి పరీక్షకులు. పిల్లవానికి అక్షరములు, లెక్కలు, పద్యములు వచ్చినచో నలుగురును తమ బిడ్డలను పంపుదురు, రానిచో మానివేయుదురు. పంతులు బ్రతుకు ఆ నమ్మకముపై నాధారపడి యుండెడిది.

బళ్లారి కలెక్టరు ఏ.డీ. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక ఈ విషయమున మిక్కిలి విలువ గలది. ఆ జిల్లాలో 533 బడులు. అందు 235 కన్నడమును, 226 తెలుగును బోధించునవి. విద్యార్థులు 6,641 మంది. పై తరగతి బాలురు క్రింది తరగతివారికి చెప్పుచుండిన పద్ధతిని కాంబెల్ మెచ్చుకొనెను. పిల్లలు పద్యముల నర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుటను మాత్రము తప్పుపట్టెను. ఆతడు మెచ్చిన యా పద్ధతికి మఱొక చరిత్ర కలదు. అంతకు ముప్పదియేండ్లకు పూర్వము చెన్నపురి ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమున అధ్యక్షుడుగా నుండిన ఆండ్రూ బెల్, ఆ ప్రాంతపు వీథిబడిలో బాలురు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచి, ఆ విధానమును తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. బాలురచేతనే బాలురకు చెప్పించెను. 1797లో ఆ ప్రయోగమును గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. 1811లో నేర్పడిన నేషనల్ సొసైటీ ఆ మార్గమున ఇంగ్లండులో బడులు పెట్టి పంతుళ్లను తయారుచేసెను. పత్రము లేని యొజ్జ బడిలో చూచినది సముద్రము దాటి ఉపాధ్యాయశిక్షణగా మాఱినదన్నమాట.

ఇంతమాత్రమున వీథిబడిని స్వర్ణయుగముగా చిత్రించుట సత్యము కాదు. బళ్లారిలోని 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. ఊరి నమ్మకము ఊరిలో మాట చెల్లినవారి నమ్మకమే. ఎవరి బిడ్డలు ఆ యరుగు నెక్కుటకు వీలులేదో, వారి మాటకు పంతులు పరీక్షలో స్థానము లేదు. ఆ లోపమును తీర్పవలసినది ప్రభుత్వమే యని చెప్పుటకు తగిన కారణ మిచ్చట నున్నది.

మన్రో లోపమును వేఱొకచోట చూచెను. ఒజ్జలలో చాలమందికి నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాబడి లేదనియు, అర్హులైనవారిని ఆ వృత్తిలోనికి తెచ్చుటకు అది చాలదనియు ఆతడు గుర్తించెను. అందుచే చెన్నపురిలో ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలను, జిల్లాలలో కలెక్టరేటు బడులను, తాలూకాలలో తహసీల్దారీ బడులను స్థాపింపవలెనని సూచించెను. జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు జీతముగా నిర్ణయించెను. ఇది తక్కువగా తోచినను, విద్యార్థులు చెల్లించు రుసుముతో సరిపోవునని సమాధానపడెను. రోగమును సరిగా గుర్తించిన వైద్యుడు మందు సగమే యిచ్చినట్లయినది. 1827లో మన్రో పత్తికొండలో మరణించెను. 1835లో ఆంగ్లవిద్యాపక్షము నెగ్గగా, 1836లో ఆ బడులు ఎత్తివేయబడెను.

1854 నాటి వుడ్ నివేదిక తరువాత విద్యాశాఖ యేర్పడినది. 1856లో మద్రాసు నార్మల్ స్కూలు వెలసినది. నాటినుండి పత్రమునకు విలువ పెరిగినది. అయినను నార్మల్ స్కూళ్లనుండి వచ్చువారు వేలకొలది పల్లెలకు చాలరైరి. అందుచే ప్రభుత్వము రెండు త్రోవలు త్రొక్కినది. పత్రము గలవారి జీతమునకు సహాయ మొసగుట యొకటి. పిల్లలను పరీక్షించి, తేలినవారి సంఖ్యనుబట్టి ధనమిచ్చుట రెండవది. ఈ రెండవదానిచే పత్రము లేని వీథిబడి పంతులుకును సర్కారు సహాయము లభించెను. కాని ఊరి నమ్మకమునకు బదులు ఇన్‌స్పెక్టరు ఒకనాటి పరీక్ష ఆతని జీవనాధారమైనది. కాంబెల్ తప్పుపట్టిన వల్లెవేత కిది మఱింత దోహదము చేసెనే గాని దానిని మాన్పలేదు. ఈ పద్ధతి 20వ శతాబ్ది తొలి దశకమున తొలగిపోయినది.

ఆ కాలముననే పత్రముతో గాక పనితో యోగ్యత చూపినవారును కలరు. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చిన గిడుగు వేంకట రామమూర్తి, మఱుసటియేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. బోధనాశిక్షణ పొంది చేరినవాడు కాడు. బి.ఏ. పట్టమును ఉద్యోగము చేయుచునే చదివి సంపాదించెను. ఆతడు సవరభాషను నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు బడులు నెలకొల్పెను. ఆ పనికి కావలసిన ముఖ్యమైన యర్హత, అనగా ఆ పిల్లల మాట తెలిసియుండుట, నాటి యే యోగ్యతాపత్రమునందును లేదు. అయితే ఇట్టివారు అరుదు. ఒక గిడుగును చూపి శిక్షణయే యనావశ్యకమనుట, ఈదుట రానివాడొకడు ఏఱు దాటెనని నావను తగులబెట్టుట వంటిది.

స్వాతంత్ర్యానంతరమును ఈ కథ మాఱలేదు. రాజస్థానమున 1987లో శిక్షాకర్మి పథకము, ఆంధ్రప్రదేశమున ఆ శతాబ్ది చివర విద్యావాలంటీర్ల నియామకము ఇట్టివే. వాలంటీర్లలో శిక్షణ పొందినవారును పొందనివారును ఉండిరి. ఇరుతెగలకును లభించిన గౌరవవేతనము క్రమమైన ఉపాధ్యాయుని జీతమున కొద్దిపాలు మాత్రమే. పత్రమున్నను లేకున్నను జీత మొక్కటియే యైనప్పుడు, లోపము పత్రమునం దున్నదని యెట్లనగలము? 2010 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము కనీసార్హతలను విధించుచునే, వానిని అయిదేండ్లవఱకు సడలించుటకు అవకాశ మిచ్చినది. అర్హత లేక ఉద్యోగమున నున్నవారికి గడువు మొదట అయిదేండ్లు. 2017 నాటి సవరణచే అది 2019 మార్చి 31 వఱకు పొడిగింపబడెను.

ఈ రెండు శతాబ్దుల వృత్తాంతమున నొక క్రమము స్పష్టముగా కానవచ్చుచున్నది. బడులు విస్తరింపవలసినప్పుడెల్ల ప్రభుత్వము చౌకగా దొరకినవారిని పిలిచినది; పిదప వారినే యోగ్యతాపత్ర మేదియని ప్రశ్నించినది. శిక్షణ యవసరమే. ఊరు చూడనొల్లని పిల్లవానిని కూడ చూచు కన్ను పంతులుకు కలిగింపవలసినది శిక్షణయే. కాని జీతము తోడు లేని పత్రము ఒజ్జను నిలుపలేదు. శిక్షణ తోడు లేని జీతము విద్యార్థిని నిలుపలేదు. మన్రో 1826లో ఈ రెంటిని ఒకే నివేదికలో పేర్కొనెను. తరువాతి పాలకులు ఒకమాఱు దీనిని, ఒకమాఱు దానిని చేపట్టిరి. ఆ రెండును ఒక్కచో కలిసిన బడులెన్ని, అవి యెచ్చట నుండినవి, అందలి పిల్లలేమైరి అను విషయములను జిల్లాలవారీగ పరిశోధించుట మన విద్యార్థులు చేపట్టదగిన పని.