చెప్పునంటిన మన్ను

పల్లెలో హత్య జరిగి పోలీసువారు పంచనామా వ్రాయునప్పుడు మీవంటి పెద్దలనే పంచాయతీదారులుగా పిలుతురు. రక్తము తడిసిన మన్నొక పొట్లము, తడియని మన్ను మరియొక పొట్లము కట్టి మీచేత చేవ్రాలు చేయింతురు. ఆ రెండవ పొట్లమెందుకని అడిగినవారిని నేను అరుదుగా జూచితిని. రక్తపరీక్షలో మన్ను గుణముచేత పొరపాటు కలుగకుండుటకును, ఆ చోటి మన్నిట్టిదని పోల్చి చూచుటకును అది కావలయును.

ఈ పోలికకు పాత కథ యొకటి కలదు. 1856లో ప్రష్యా దేశపు రైలులో వెండినాణెములతో పంపిన పీపా గమ్యము చేరునప్పటికి ఇసుకతో నిండియుండెను. బెర్లినునందలి ఎహ్రెన్‌బెర్గ్ అను పండితుడు దారిలోని స్టేషనుల ఇసుకలను తెప్పించి, సూక్ష్మదర్శినితో పీపాలోని ఇసుకకు పోల్చి, దొంగతనము జరిగిన చోటు కనుగొనెను.

అంతకంటె నిశితమైనది 1908లో బవేరియా రాజ్యమున జరిగినది. ఒక స్త్రీ హత్యకు గురియయ్యెను. అనుమానింపబడినవాడు తానానాడు తన పొలములోనే తిరిగితిననెను. ముందటి రాత్రియే అతని భార్య అతని బూట్లను శుభ్రము చేసియుండెను. కావున వానికంటినదంతయు ఆ యొక్కనాటి మన్నే. ఫ్రాంక్‌ఫర్టు రసాయనజ్ఞుడు గేయార్గ్ పాప్ ఆ మన్నును పొరపొరగా విడదీసెను. అడుగున ఇంటివాకిటి బాతుల రెట్ట. దానిపై శవము దొరికిన చోటి ఎర్ర ఇసుకరాతి మన్ను. ఆపైన అతని తుపాకియు బట్టలును దొరికిన పాడుకోట చెంతనుండు బొగ్గు, ఇటుకపొడి, సిమెంటు. పొలములోని తెల్ల పలుగురాతి రేణువులు మాత్రము లేవు! ఆనాడతడు నడచిన దారి పొరల వరుసలోనే యుండెను.

మన దేశమున చెన్నపట్టణపు రసాయన పరీక్షాశాల 1849లోనే వెలసినది. 1882లో బళ్లారి నుండి వేరుపడి జిల్లాయైన అనంతపురము ఆ రాజధానిలోనిదే.

అయితే మన సీమలో ఈ విద్యకొక చిక్కు గలదు. 2022 నాటి విభజనకు పూర్వపు జిల్లాలో నూటికి 76 పాళ్లు ఎర్రనేల, 24 పాళ్లు రేగడి. మడకశిర మనుష్యుని చెప్పున ఎర్రమన్నున్నదన్న మాటకు బరువేమి? అక్కడ నడచిన ప్రతివాని చెప్పునను అదియే యుండును. అతనికే తాడిపత్రి, యాడికి వైపుల నల్లరేగడి అంటియున్నచో ప్రశ్న పుట్టును. అప్పుడైనను తొందర కూడదు. చెరువు పూడికమన్ను బండ్లకెత్తి చేలకు తోలు దేశము మనది. కణేకల్లు ప్రాంతమున హగరి యిసుకను గాలియే పొలములమీదికి తోలును. మన్ను కదలినదా, మనిషి కదలెనా యని విచారింపవలెను. కరవునేల పొడిమన్ను అంటుకొనుటయు తక్కువ.

అందుచేతనే 1872 నాటి సాక్ష్యచట్టపు 45వ సెక్షనును, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమపు 39వ సెక్షనును నిపుణుని మాటను అభిప్రాయముగానే గ్రహించినవి. తీర్పు న్యాయాధిపతిదే.

ఒకచోట ఒకే పారతో రెండు మన్నులను తీయగా కన్నులార జూచితిని. రక్తపు మన్ను తాకిన పారయే మంచిమన్నును తాకెను, ఇక పోలికయెక్కడిది? కడుగని పారను మీరు వలదనవచ్చును. చుట్టుపట్ల నాలుగైదు తావుల మన్ను వేర్వేరుగా కట్టుమని యడుగవచ్చును. చెప్పు దొరికినచో గోకనీయకుడు, పొరలు కలసిపోవును. ఉన్నదున్నట్లు కాగితపు సంచిలో వేయించి, పైన చోటును వేళను వ్రాయించి, పిమ్మట చేవ్రాలు చేయుడు.