చేతి కార్డు వెనక యంత్రం

చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డును చూడగానే ఇదేదో యంత్రాలు రాకముందటి ముచ్చట అనిపిస్తుంది. ఆరా తీస్తే కథ తలకిందులుగా కనిపిస్తుంది. కాగితం మీద కాగితం అతికించి, రబ్బరు స్టాంపుతో బొమ్మ వేసి, అంచుకు రిబ్బను కట్టే ఈ కళకు ముడిసరుకు ఇచ్చింది ఫ్యాక్టరీలే. లేసు కాగితం ఎంబాసింగ్ ప్రెస్సులో పుట్టింది. రబ్బరు స్టాంపు పళ్ల డాక్టరు గది మీదుగా వచ్చింది. ఉబ్బెత్తుగా మెరిసే అక్షరాల పద్ధతి విజిటింగ్ కార్డులు అచ్చువేసే వాళ్ల దగ్గరిది. చేతిపని ప్రతి అడుగులోనూ యంత్రం వదిలిన దాన్ని ఏరుకుని తనది చేసుకుంది.

19వ శతాబ్దం మొదట్లో లండన్‌లోని డాబ్స్ వంటి కంపెనీలు లోహపు అచ్చుల మధ్య కాగితాన్ని నొక్కి నగిషీలు తేల్చేవి. 1834లో జోసెఫ్ ఆడెన్‌బ్రూక్ అనే పనివాడు ఆ ఉబ్బెత్తు భాగాలను ఆకురాయితో రాస్తే చిల్లులు పడి, కాగితం అచ్చం లేసు గుడ్డలా తయారవుతుందని కనిపెట్టాడంటారు. ప్రేమికుల దినానికి పంపుకునే వాలెంటైన్ కార్డులకు అదే సింగారమైంది.

అయితే సింగారం ఉంటే చాలదు, టపాలో పోవాలి. అప్పట్లో బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టీ, కాగితాల లెక్కను బట్టీ ఉండేది. కవరును కూడా ఇంకో కాగితం కింద కట్టేవాళ్లు. చాలాసార్లు ఆ డబ్బు అందుకున్నవాళ్లే చెల్లించాలి. నాలుగు పొరలు అతికించిన కార్డు పంపడమంటే అవతలి మనిషి జేబుకు చిల్లు పెట్టడమే. 1840లో రోలండ్ హిల్ సంస్కరణతో పెన్నీ పోస్టు వచ్చింది. అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. లెక్క కాగితాల నుంచి బరువుకు మారింది. 1845 చట్టంతో అమెరికా కూడా అదే దారి పట్టింది. పొరల కార్డు చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదనే చెప్పాలి.

1843లో హెన్రీ కోల్ అనే ఆయన లండన్‌లో వేయించిన తొలి క్రిస్మస్ కార్డు ఆ ఊపులో వచ్చిందే. బొమ్మ గీసింది జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ. రాతి అచ్చు మీద తీసి, రంగులు చేత్తో నింపి, ఒక్కోటి షిల్లింగుకు అమ్మారు. బొమ్మలో కుటుంబమంతా ద్రాక్షసారా తాగుతోందని మద్యపాన వ్యతిరేకులు గోల చేశారు కూడా.

అసలు కథ అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో నడిచింది. కథానాయిక ఎస్తర్ హౌలండ్ 1828లో పుట్టింది, 1847లో మౌంట్ హోలియోక్‌లో చదువు ముగించింది. తండ్రిది స్టేషనరీ దుకాణం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక వాలెంటైన్ కార్డు ఆమె కంటపడింది. ఇంతకంటే బాగా చేయగలననుకుంది. తండ్రి చేత లేసు కాగితం, పూల బొమ్మలు తెప్పించుకుని డజను నమూనాలు చేసింది. సరుకు అమ్మడానికి ఊళ్లు తిరిగే సోదరుడి చేతికి వాటిని ఇచ్చి, 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంది. అతను తిరిగొచ్చేసరికి 5,000 డాలర్ల ఆర్డర్లు పోగయ్యాయని చెబుతారు.

ఒక్కర్తీ చేయగల పని కాదది. స్నేహితురాళ్లను పిలిచి ఇంటి పైఅంతస్తులో బల్లల చుట్టూ కూర్చోబెట్టింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తే, ఒకరు అట్ట మీద అడుగు పొర వేస్తారు, మరొకరు దాని మీద లేసు అతికిస్తారు. హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీకి అర్ధశతాబ్దం ముందే ఇక్కడ కార్డులు చేతులు మారుతూ తయారయ్యాయి. పనితనంలోనూ హౌలండ్ ముద్ర ఉంది. తెల్లని లేసు కింద చిన్న రంగు కాగితం ముక్క పెడితే నగిషీ ఎగసి కనబడుతుంది. పొరకూ పొరకూ మధ్య మడతలు పెట్టిన కాగితపు స్ప్రింగులు అమరిస్తే బొమ్మ అట్ట మీద నుంచి పైకి తేలుతుంది. కార్డు వెనక ఎర్రటి ‘హెచ్’ అక్షరం ఆమె గుర్తు. లోపలి పద్యం నచ్చని కొనుగోలుదారుల కోసం 1879లో 131 పద్యాలతో ఒక పుస్తకం వేసింది. కావలసింది కత్తిరించి అతికించుకోవడమే. 1880ల మొదట్లో తండ్రి జబ్బుపడటంతో తన న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీని జార్జ్ విట్నీకి అమ్మేసింది. 1904లో ఆమె చనిపోయింది.

అప్పటికే కాలం అచ్చు కార్డులది. బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ 1870లలో రంగురంగుల లితోగ్రాఫు కార్డులతో మార్కెట్టును ముంచెత్తాడు. 1910లో జాయిస్ హాల్ మొదలుపెట్టిన వ్యాపారం తర్వాత హాల్‌మార్క్ అయింది. చేతి కార్డు ఇళ్లకూ బడిపిల్లలకూ పరిమితమైపోయింది.

ఈలోగా రబ్బరు తన దారిన తాను వస్తోంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనుక్కున్నాడు. వల్కనైట్ అనే ఆ గట్టి రబ్బరుతో పళ్ల సెట్లు చవగ్గా చేయడం 1850లలో మొదలైంది. ప్లాస్టర్ అచ్చులో రబ్బరు నింపి చిన్న బాయిలరులో ఉడికించేవారు.   పళ్లకు బదులు అక్షరాల అచ్చు పెడితే అదే బాయిలరులో స్టాంపు తయారవుతుంది. 1860లలో ఇది నావల్లే జరిగిందని చెప్పుకున్నవాళ్లు ఒకరికి మించి ఉన్నారు.

ఆఫీసుల్లో ‘చెల్లింపు జరిగినది’ అని గుద్దుకునే ఆ స్టాంపును బొమ్మల్లోకి లాగింది కళాకారులు. కర్ట్ ష్విట్టర్స్ 1919లోనే జర్మనీలో ఆఫీసు ముద్రలతో చిత్రాలు చేశాడు. 1960లలో న్యూయార్కులో రే జాన్సన్, ఆయన మిత్రులు కళనే టపాలో పంపుకోసాగారు. కవర్లు రబ్బరు ముద్రలతో నిండిపోయాయి. అక్కణ్నుంచి రబ్బరు స్టాంపు ఇళ్లలోకి దిగింది. కాలిఫోర్నియాలో హీరో ఆర్ట్స్ అనే స్టాంపుల కంపెనీ 1974లో మొదలైంది. 1978లో ‘ది రబ్బర్ స్టాంప్ ఆల్బమ్’ పుస్తకం వచ్చింది. 1988లో మొదలైన స్టాంపిన్ అప్ కంపెనీ ఇళ్లలో పదిమందినీ కూర్చోబెట్టి, చేసి చూపించి అమ్మే పద్ధతి పట్టింది.

పని ఎలా జరుగుతుందో చూద్దాం. మందపాటి ఏ4 కాగితాన్ని రెండుగా కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు, ముక్క వృథా కాదు. దాని మీద నాలుగు పక్కలా రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించి రంగు కాగితం, ఆపైన ఇంకాస్త చిన్న తెల్ల కాగితం. ఈ సన్నని అంచే కార్డుకు ఫ్రేము. స్టాంపును ఇంకు ప్యాడు మీద తట్టాలి గానీ రుద్దకూడదు. రుద్దితే గీతల సందుల్లోకి ఇంకు దిగి బొమ్మ మసకబారుతుంది. ఆలస్యంగా ఆరే పిగ్మెంట్ ఇంకుతో ముద్ర వేసి, తడి ఆరకముందే ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపి సీసాలో పోసుకోవాలి. తర్వాత హీట్ గన్‌తో వేడి తగిలిస్తే పొడి కరిగి, గీతలు నిగనిగలాడుతూ ఉబ్బుతాయి. చివరికి పువ్వునో పిట్టనో కత్తిరించి, కింద ఫోమ్ టేపు ముక్కలు పెట్టి అతికిస్తారు. హౌలండ్ కాగితపు స్ప్రింగులు చేసిన పనే ఇది.

ఆ ఫోమ్ టేపుతోనే చిక్కు. 2006లో బ్రిటన్ టపాశాఖ కొలతల లెక్క తెచ్చి, మామూలు ఉత్తరం మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదంది. దాటితే పెద్ద ఉత్తరం ధర. అమెరికాలోనూ యంత్రంలో సాగని చదరపు, ఎగుడుదిగుడు కవర్లకు అదనపు రుసుము ఉంది. పొరలకు దారి తెరిచిన టపాయే ఇప్పుడు స్కేలు పట్టుకుని కూర్చుంది.

మన దగ్గర రబ్బరు స్టాంపు అంటే ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసే గుర్తొస్తుంది. 1980, 90లలో కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ ఫుట్‌పాత్‌ల మీద రాశులు పోసిన కార్డులు అచ్చువే. పిల్లలు మాత్రం డ్రాయింగ్ షీటు మడిచి, బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి పూలు గుద్దేవాళ్లు. రంగు సంగతి పక్కనపెడితే, ఈ కథ మొత్తంలో ఏ ఫ్యాక్టరీకీ బాకీ లేని ముద్ర ఆ బెండకాయదే.

కొన్న స్టాంపు మన సొంతమే, దాని మీది బొమ్మ కాపీరైటు మాత్రం కంపెనీది. అలా చేసిన కార్డులు అమ్ముకోవచ్చా అన్న ప్రశ్నకు చాలా కంపెనీలు ‘ఏంజెల్ పాలసీ’ పేరుతో జవాబిచ్చాయి. అమ్ముకోవచ్చు, కానీ ప్రతి ముద్రా చేత్తో వేసిందై ఉండాలి, స్కాన్ చేసి ప్రింట్లు తీయకూడదు. కొన్ని కంపెనీలు కార్డుల సంఖ్యకూ హద్దు పెడతాయి. సరదాకు చేసుకునేవాళ్లకు ఈ బెడద లేదు. నాలుగు కార్డులు అమ్మాలనుకునేవాళ్లు మాత్రం స్టాంపు కొనేముందే ఆ షరతులు చదువుకోవాలి.