చెలమనీరు – కతకబీజము

వంశధారా తీరమునను, లాంగుల్యయని పూర్వనామముగల నాగావళీ తీరమునను జనులు ఏటి ఇసుకతిన్నెలలో చెలమలు త్రవ్వి, ఊరిన తేటనీటిని కడవలకెత్తెడివారు. ఇసుక బురదను నిలువరించును. రేణువులనంటిన సూక్ష్మజీవులు రోగక్రిములను చాలవరకు హరించును. కరగిన లవణములను మాత్రము అది తొలగింపజాలదు.

కలకబారిన నీటికి సుశ్రుతసంహిత చెప్పినది కతకబీజము, అనగా మన చిల్లగింజ. ఆత్మబోధలో శంకరభగవత్పాదులకు జ్ఞానమునకు ఉపమానమైనదియు అదియే: ఆ పొడి నీటిని తేర్చి, తానును అడుగంటిపోవును. జ్ఞానమును అట్లే అజ్ఞానమును హరించి తాను నశించును. ఇసుక ధర్మము దీనికి విపరీతము! అది నిలిచియున్నంతవరకే శోధనము. నెల్లిమర్ల చెంత చంపావతీగర్భమునందలి ఊటబావులు విజయనగరమునకు నీరొసగునదియు ఈ ధర్మముచేతనే. ఇసుక తరలిపోయినచోట ఏటి నీటిమట్టమే క్రుంగి, బావిలోని ఊట సన్నగిల్లును.