'సర్వైవర్' అనే మాట వెనకున్న కథ

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ స్టేటస్‌తో మొదలైంది. నెల కిందట మా పిన్నికి ఆఖరి కీమో అయిపోయింది. ఆ సంతోషంలో ఫొటో పెట్టి, కింద 'మా పిన్ని క్యాన్సర్ సర్వైవర్' అని రాశాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అది తీసెయ్ రా. మూడు నెలలకి మళ్ళీ స్కాన్ ఉంది. గండం గడిచిందని నీకెవరు చెప్పారు?" అంది.

తీసేశాను. కానీ డౌట్ మిగిలింది. ఈ మాట ఎప్పటి నుంచి వాడొచ్చు? అసలు ఎవరు డిసైడ్ చేశారు?

బతికి బయటపడేవాళ్ళు ఉంటేనే కదా ఆ మాటతో పని. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే కొందరిలో జబ్బు తగ్గిందని ప్రకటించాడు. ఆ మందు లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ నుంచి వచ్చింది. అయితే ఆ తగ్గడం కొన్నాళ్ళే. జబ్బు తిరగబెట్టేది. తర్వాత మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నాక, ఏళ్ళ తరబడి బతికేవాళ్ళు పెరిగారు.

వాళ్ళని ఏమనాలి? ఇంగ్లీషు సంతాప ప్రకటనల్లో సర్వైవర్స్ అంటే చనిపోయినవాళ్ళ కుటుంబం. డాక్టర్లేమో ఐదేళ్ళ లెక్క చూసేవాళ్ళు. అంతవరకూ జబ్బు తిరిగి రాకపోతేనే సర్వైవర్.

ఈ లెక్క మార్చింది ఫిట్జ్‌హ్యూ ముల్లన్. ఆయనా డాక్టరే. 1975లో, 32 ఏళ్ళకి, తన ఛాతీ ఎక్స్‌రేలో తనే గడ్డని చూశాడు. సర్జరీ, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. 1985లో ఒక మెడికల్ జర్నల్‌లో రాశాడు: 'నయమైంది', 'నయం కాలేదు' అని రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, బతకడంలో దశలుంటాయి అని. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రిలీజ్ అయ్యాక కూడా సపోర్ట్ కావాలి కదా, అదన్నమాట. మరుసటి ఏడాది అల్బుకర్కీలో ఆయనా, ఇంకొందరూ కలిసి ఒక సంఘం పెట్టారు. వాళ్ళ నిర్వచనం ప్రకారం, జబ్బు ఉందని తెలిసిన రోజు నుంచి చివరిదాకా మనిషి సర్వైవరే.

అంటే అది గెలిచినవాళ్ళకిచ్చే మెడల్ కాదు. 'ట్రీట్‌మెంట్ అయిపోయినా నన్ను వదిలెయ్యకండి' అనే డిమాండ్.

అందరికీ నచ్చిందా అంటే, లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన రచయిత్రి బార్బరా ఎహ్రెన్‌రైక్ 2001లో గట్టిగానే అడిగింది: మరి చనిపోయినవాళ్ళ సంగతేంటి? ఆ ప్రశ్న మనకీ తగులుతుంది. మన హెడ్డింగుల్లో 'క్యాన్సర్‌ని జయించారు' అని చూస్తుంటాం. మా పిన్ని పక్క బెడ్‌లో కీమో ఎక్కించుకున్నావిడ ఇప్పుడు లేదు. ఆవిడ ఓడిపోయినట్టా?

ముల్లన్ 2019లో చనిపోయాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో. ఆయన మాట ప్రకారమే చూస్తే, ఆ 44 ఏళ్ళూ ఆయన సర్వైవరే. ఇందులో ఓటమి ఎక్కడుంది?

ఇదంతా పిన్నికి చెప్పాను. మొత్తం విని, "ఆ డాక్టరు బాగానే చెప్పాడు. కానీ నా పేరు పక్కన ఏం రాయాలో నేను చెప్తాలే. నువ్వు ముందు స్కాన్ రోజు లీవ్ పెట్టు, తోడు రావాలి" అంది.

లీవ్ పెట్టేశాను. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఉంటే, స్టేటస్ పెట్టేముందు వాళ్ళనొకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.