పేరు మిగలని పవర్‌హౌస్

అబిడ్స్ అనే పేరు ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం అది. దుకాణం పోయింది, పేరు మిగిలింది. నాంపల్లి దాటి సైఫాబాద్ వైపు వెళ్తే మింట్ కాంపౌండ్ వస్తుంది. నాణేల తయారీ చర్లపల్లికి తరలిపోయినా ఆ పేరూ మిగిలింది. 2022లో పాత టంకశాలలో మ్యూజియం కూడా తెరిచారు. అక్కడికి దగ్గరలోనే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండిన థర్మల్ పవర్‌హౌస్‌కు మాత్రం ఆనవాలు లేదు. అమ్మకానికీ డబ్బుకూ ఈ నగరం ఇచ్చిన చోటు శ్రమకు ఎందుకివ్వలేదన్నదే నా ప్రశ్న.

నిజాం కాలంలో, 1920లో, ఆ పవర్‌హౌస్ వెలిసింది. సింగరేణి బొగ్గు బాయిలర్ల కింద మండేది. ఆవిరి టర్బైన్లను తిప్పేది. చెరువు నీరు ఆ ఆవిరిని చల్లబరిచేది. దాని సామర్థ్యం 22.5 మెగావాట్లు. ఈనాటి లెక్కలో ఇది స్వల్పమే. కాని గనిలో బొగ్గు తవ్విన చేయి, బాయిలరు ముందు చెమటోడ్చిన చేయి కలిస్తేనే నగరంలో దీపం వెలిగిందన్నది చిన్న విషయం కాదు.

1983లో ఉత్పత్తి ఆగింది. 1995లో కట్టడాన్నే కూల్చివేశారు. నగరంలో వారసత్వ కట్టడాల రక్షణకు నిబంధన వచ్చిందీ ఆ ఏడాదే! ఆ ప్రాంతంలో ఇప్పుడు ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ఉంది, 2003లో తెరిచిన ఐమాక్స్ ఉంది. నగరం నడిబొడ్డున పొగ ఉండరాదన్న వాదన న్యాయమైనదే. కాలం చెల్లిన యంత్రాన్ని ఆపవలసిందే. అయితే యంత్రాన్ని ఆపటం వేరు, దాని జ్ఞాపకాన్ని నేలమట్టం చేయటం వేరు. టంకశాలకు దక్కిన మ్యూజియం పవర్‌హౌస్‌కు ఎందుకు దక్కరాదు?

కవీ కార్మిక నాయకుడూ అయిన మఖ్దూం మొహియుద్దీన్ విగ్రహం అదే చెరువు కట్టమీద, ట్యాంక్‌బండ్‌పై ఉంది. కవిని నిలబెట్టుకున్నాం. ఆయన ఎవరి పక్షాన నిలిచాడో వారు పనిచేసిన చోటును తుడిచేశాం.

ఇందులో సాహిత్యకారుల బాధ్యత లేదా? నేను చదివినంతలో, దేవిడీలూ నవాబులూ వచ్చినంత సులువుగా హైదరాబాదు కథల్లోకి బాయిలరు రాలేదు. నాంపల్లిలో నేను పాఠం చెప్పే పిల్లలకు గార్డెన్స్ తెలుసు, పవర్‌హౌస్ తెలియదు. ఆ లోపం పిల్లలది కాదు.

1983లో ఇరవై ఏళ్ళున్న కార్మికుడు ఇప్పుడు అరవై దాటాడు. ఉర్దూ కలిసిన తన తెలుగులో ఆ పని గురించి చెప్పగలవాడు ఇంకా ఉన్నాడు. కట్టడాన్ని తిరిగి నిలపలేం. అతని మాటను రాసుకోవటం మాత్రం మన చేతిలోనే ఉంది.