పాత ట్రాక్టర్ కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు చూడండి

దుక్కుల సమయం దగ్గరపడగానే చాలామంది రైతులు సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ల కోసం చూస్తారు. ఇంజిన్ శబ్దం, టైర్లు, హైడ్రాలిక్ లిఫ్ట్ అన్నీ పరిశీలిస్తారు కానీ బండి మీద ఉన్న నంబరును ఆర్‌సీతో సరిపోల్చేవారు తక్కువ. విత్తన సంచి కొంటే లాట్ నంబరు చూసుకుంటాం. లక్షలు పెట్టి కొనే బండికీ అదే జాగ్రత్త కావాలి. నంబరు తేడా ఉంటే బండి మీ పేరు మీదకు మారదు, బీమా క్లెయిము అందదు. అది దొంగ బండి అయితే పోలీసులు తీసుకుపోతారు, మీ డబ్బు తిరిగి రావడం కష్టం.

ఛాసిస్ నంబరు అంటే

నంబరు ప్లేటు మార్చవచ్చు. ఛాసిస్ నంబరు మాత్రం ఫ్యాక్టరీలోనే లోహం మీద చెక్కుతారు. ఒక నంబరు ఒక్క బండికే ఉంటుంది. ఇంజిన్‌కు వేరే నంబరు ఉంటుంది. ఆర్‌సీలో ఈ రెండూ రాసి ఉంటాయి.

ఎక్కడ వెతకాలి

కారుకు, జీపుకు ఉన్నట్టు ట్రాక్టర్‌కు వేరే ఫ్రేమ్ సాధారణంగా ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనుక హౌసింగ్ కలిపి బిగించి ఉంటాయి. అందుకే నంబరు ఈ పోత ఇనుప భాగాల మీదో, ముందు యాక్సిల్ బ్రాకెట్ మీదో ఉంటుంది. చోటు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో చూడండి, లేదా ఆ కంపెనీ షోరూం మెకానిక్‌ను అడగండి. ఇంజిన్ నంబరు ఇంజిన్ బ్లాకు పక్కన ఉంటుంది.

రేకు మీది నంబరును మాత్రమే నమ్మకండి. రివిట్లు తీసి రేకు మార్చవచ్చు. డీజిల్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, టార్చి వేసి, లోహం మీద చెక్కిన నంబరు చూడండి. దాని మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి.

నంబరును ఎలా చదవాలి

• కార్లు, పికప్ బండ్లకు, కొత్త ట్రాక్టర్లలో చాలా వాటికి అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. పాత ట్రాక్టర్లకు తక్కువ ఉండవచ్చు, అది తప్పు కాదు. ఆర్‌సీతో సరిపోవడమే ముఖ్యం.
• 17 ఉన్న నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నా అంకెలతో పొరపడకుండా ఈ ఏర్పాటు.
• మొదటి మూడు తయారీదారును తెలుపుతాయి. మన దేశంలో తయారైన బండ్ల నంబరు సాధారణంగా ఎం అక్షరంతో మొదలవుతుంది. ఉదాహరణకు కార్లలో ఎంఏ3 అంటే మారుతి సుజుకి, ఎంఏటీ అంటే టాటా మోటార్స్.
• చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరం తెలిపే అక్షరం వేస్తాయి: హెచ్ 2017, జె 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022. కొన్ని కంపెనీలు వేరే స్థానంలో వేస్తాయి కాబట్టి షోరూంలో అడిగి నిర్ధారించుకోండి. “2021 మోడల్” అని చెప్పి 2018 బండి అంటగట్టే మోసం ఇక్కడ బయటపడుతుంది.

అనుమానించాల్సిన గుర్తులు

• నంబరు చుట్టూ గ్రైండర్ గీతలు, వెల్డింగ్ మచ్చలు
• అంకెలు ఎగుడుదిగుడుగా, వేర్వేరు సైజుల్లో ఉండటం
• బండంతా పాత రంగు, నంబరు దగ్గర మాత్రం కొత్త రంగు
• ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోవడం. ఇంజిన్ మార్చామని చెబితే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి.

కొనే ముందు చేయవలసినవి

1. అసలు ఆర్‌సీ చూడండి. జిరాక్స్ కాపీ చాలదు. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఒక్కో అక్షరం సరిపోల్చండి.
2. ఎం-పరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి చూడండి. వివరాలు రాకపోతే ఆర్‌టీఓ కార్యాలయంలో అడగండి.
3. దొంగ బండి అవునో కాదో జాతీయ నేర నమోదు సంస్థ వారి ‘వాహన్ సమన్వయ్’ సేవలో చూసుకోవచ్చు.
4. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే బండి మీద అప్పు నమోదై ఉన్నట్టే. అప్పు తీరినట్టు బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా పూర్తి సొమ్ము ఇవ్వకండి.
5. పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు తీసుకోండి. కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా కావాలి.
6. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఛాసిస్ నంబరు ఉంటాయి. దాన్నీ విడిగా సరిచూడండి.

“ఈ రోజే బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారు” అని తొందరపెట్టే దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి. నంబరు చూడనివ్వని బండి ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి. ఆర్‌సీ నకలు, పెన్సిల్ అచ్చు, బీమా కాగితం ఒకే కవరులో ఇంట్లో భద్రపరచుకోండి. రేపు మీ బండి పోయినా పోలీసులకు, బీమా కంపెనీకి ముందుగా చెప్పాల్సింది ఈ నంబరే.